అత్తగారి సంతకంతో బెల్ట్ టెస్ట్

విజయనగరంలో మా తైక్వాండో క్లాసు జరిగే మేడ మీద వయసుకి విలువ లేదు. అక్కడ చెల్లేది నడుముకి కట్టుకున్న బెల్టు రంగే. పగలు నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. సాయంత్రం ఆరున్నరకి మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి చదివే కుర్రాడికి ముందుగా నేనే వంగి నమస్కారం పెట్టాలి. వాడిది నీలం బెల్టు, నాది పసుపు. మొదట్లో ఇద్దరికీ మహా ఇబ్బందిగా ఉండేది. నేను వంగేలోపే వాడు నాకన్నా కిందికి వంగిపోయేవాడు. మాస్టారు గమనించి, "స్కూల్లో ఆవిడ మీ మేడం. ఇక్కడ నీకు జూనియర్. ఇద్దరూ అలవాటు చేసుకోండి" అన్నారు. వాడు ఇప్పటికీ నన్ను మేడం అనే అంటాడు. అది మాత్రం మాస్టారు కూడా మాన్పించలేకపోయారు.

తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, చివర్న నలుపు. మధ్యలో గ్రీన్ వన్, బ్లూ వన్, రెడ్ వన్ అని మెట్లున్నాయి. క్లాసులో నిలబడే వరసా ఇదే: పెద్ద బెల్టు ముందు వరసలో కుడి చివర, కొత్తగా చేరినవాళ్ళు ఆఖర్న ఎడమవైపు. ఒకే రంగు ఇద్దరుంటే ముందు తెచ్చుకున్నవాళ్ళు సీనియర్. అందుకని నా పక్కన ఎప్పుడూ రెండు, మూడు తరగతుల పిల్లలే. వాళ్ళలో ఒక పాప బెల్టు ముడి నా ముడికన్నా శుభ్రంగా ఉండేది. నాకు ముడి నేర్పిందీ ఆ పాపే. బెల్టు మధ్యభాగం బొడ్డు మీద పెట్టి, రెండు చుట్లు తిప్పి, పైకొసని రెండు పొరల కిందనుంచి లాగి ముడెయ్యాలి. రెండు కొసలూ సమానంగా వేలాడాలి. ముడి ఊడితే మాస్టారి వైపు నిలబడి కట్టుకోకూడదు, వెనక్కి తిరిగి సర్దుకోవాలి.

నేను చేరడానికి పెద్ద కారణమేం లేదు. మావాణ్ణి దింపి, గంటన్నరసేపు బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకునేదాన్ని. మీరూ చేరండని మాస్టారు అంటే, ఆ బెంచీ మీది అమ్మల్లో లేచింది నేనొక్కదాన్నే. డోబోక్, అంటే తైక్వాండో తెల్ల డ్రెస్సు, వేసుకున్న కొత్తలో, తన్నిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయేది, చున్నీ సర్దుకోడానికి. అక్కడ చున్నీ ఉండదు. పిల్లలు నవ్వేవాళ్ళు.

టెస్ట్ దసరాకి ముందే పెడతారనుకున్నాం. కానీ పైడితల్లి అమ్మవారి జాతర, అంటే తొలేళ్ళు, సిరిమాను వచ్చేసరికి విజయనగరంలో వేరే పనేదీ సాగదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇక్కడే ఉంటాయి, ఇంటినిండా చుట్టాలు. పైడితల్లి గుడికీ కోటకీ మధ్య, పూజారి కొసన కూర్చున్న ఆ పొడవాటి మాను మూడుసార్లు తిరిగేదాకా ఆ దారిలో స్కూటరు కూడా కదలదు. చివరికి సిరిమాను మంగళవారానికీ, పై మంగళవారం పెద్దచెరువులో జరిగే తెప్పోత్సవానికీ మధ్యనున్న ఆదివారం ఖాయం చేశారు. పండగ పిండివంటలు తిని టెస్టుకి రావడమంటే ఏమిటో వార్మప్ మొదలైన ఐదు నిమిషాలకే అందరికీ తెలిసొచ్చింది.

ముందుగా ఫారం నింపాలి. అది పూర్తిగా పిల్లల కోసం తయారుచేసిన ఫారం. పేరు, ఇప్పటి బెల్టు, రాయబోయే బెల్టు, రెండు ఫొటోలు. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత 'తరగతి, సెక్షన్' అని ఉంది. 8, 9, 10 తరగతులకి పాఠం చెబుతాను కాబట్టి ఆ మూడూ రాశాను. ఆ కింద 'తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుల సంతకం'. మాస్టారిని అడిగితే, "ఖాళీగా వదలకండి మేడం, ఎవరో ఒకరి చేత పెట్టించండి" అన్నారు. మావారు పెన్ను తీసుకుని సిద్ధమైపోయారు. నాకు ఆయన సంరక్షకుడేమిటని నేను ఫారం లాక్కున్నాను. ఈ గొడవ వింటున్న మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, "ఇలాగియ్యండి, ఈ ఇంట్లో పెద్దదాన్ని నాను" అని సంతకం పెట్టేసింది.

నేను చేరిన రోజు "ఈ వయసులో ఈ తన్నులాటేటే తల్లీ" అన్నది కూడా ఈవిడే. మధ్యలో ఏం మారిందంటే కోడి రామమూర్తి. అత్తయ్యది వీరఘట్టం, రామమూర్తి నాయుడు పుట్టిన ఊరు. ఆయన 1882లో పుట్టాడు, పెరిగిందీ కసరత్తు నేర్చిందీ మా విజయనగరంలో. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి, కలియుగ భీముడని పేరు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. వీరఘట్టం 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయినా, అత్తయ్య లెక్కలో అది ఇంకా శ్రీకాకుళం జిల్లాయే. మా ఇంట్లో ఎవరు గట్టిగా తుమ్మినా అది రామమూర్తి ఊరి నీళ్ళ మహిమే అంటుంది. ఇక కోడలు తన్నులు నేర్చుకుంటుంటే ఊరుకుంటుందా.

ఫీజు సంగతి కూడా చెప్పాలి, ఎవరూ రాయరు కాబట్టి. మామూలు నెల ఫీజు వేరు, టెస్ట్ ఫీజు వేరు. కొత్త బెల్టు, సర్టిఫికెట్ అందులోనే కలిసుంటాయా లేదా అన్నది ముందే అడగండి. రంగు బెల్టుల టెస్టులు క్లాసు స్థాయిలోనే అయిపోతాయి. నలుపుకి వచ్చేసరికి సియోల్‌లోని కుక్కివాన్ సర్టిఫికెట్ సంగతి వస్తుంది. 1972లో కట్టిన ఆ తైక్వాండో కేంద్రమే డాన్ (నల్ల బెల్టు మెట్లు), పూమ్ (పిల్లలకి దానికి బదులు) సర్టిఫికెట్లు ఇస్తుంది. పదిహేనేళ్ళు నిండని పిల్లలకి పూర్తి నలుపు ఉండదు, ఎరుపూ నలుపూ కలిసిన పూమ్ బెల్టు ఇస్తారు. ఏడాది తిరక్కుండా మీ పిల్లాడికి బ్లాక్ బెల్టు గ్యారంటీ అని ఎవరైనా చెబితే నేనైతే ఆ మెట్లు దిగి వచ్చేస్తాను. టెస్టుకీ టెస్టుకీ మధ్య కనీసం మూడు నెలలైనా పట్టే చోట చేర్పించడం మంచిదని నా అభిప్రాయం.

ఆదివారం పొద్దున్నే ఒక స్కూలు హాల్లో టెస్ట్. శ్రీకాకుళం, ఆమదాలవలస, చీపురుపల్లి పిల్లలు రైల్లో వచ్చారు. బొబ్బిలి వాళ్ళు బస్సులో దిగారు. ప్లాట్‌ఫారం మీదే డోబోకులు వేసేసుకున్నారేమో, స్టేషన్ నుంచి తెల్లబట్టల గుంపు నడిచి వస్తుంటే టీ కొట్టు దగ్గరున్న పెద్దాయన ఒకరు "ఏటి బాబూ, ఏ స్వాములు?" అని అడిగారట. గోడకి మన జెండా, కొరియా జెండా పక్కపక్కన. బల్ల వెనక విశాఖపట్నం నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు. ఆయన మధ్యాహ్నం దాకా నవ్వలేదు.

"చర్యోత్!" అంటే నిటారుగా నిలబడాలి. "క్యుంగ్నే!" అంటే వంగి నమస్కారం. జెండాలకి, ఎగ్జామినర్‌కి, మాస్టారికి. తర్వాత బేసిక్స్. హానా, దూల్, సెత్, నెత్ అని లెక్కపెడుతుంటే అందరూ ఒకేసారి తన్నాలి. మా పిల్లలకి ఈ అంకెలు ఎంత ఒంటబట్టాయంటే, మేడ మెట్లు కూడా కొరియన్‌లోనే లెక్కపెడతారు. యోల్ అంటే పది. అక్కడితో అంకెలు ఆగిపోతాయి కాబట్టి పదకొండో మెట్టు మళ్ళీ హానా.

నా వయసువాళ్ళకి కష్టమంతా దొల్లియో చాగి దగ్గరే. పక్కనుంచి తిప్పి కొట్టే తన్ను అది. తన్నే కాలు ఎంత ఎత్తు లేచిందన్నది పిల్లల సరదా. నేలమీదున్న కాలు తిరగాలి, ఆ మడమ ఎదుటివాడి వైపు చూడాలి. అది తిరక్కుండా పైకాలు ఒక్కటే విసిరితే మెలిపడేది మోకాలే. మాస్టారు నాకు వారాల తరబడి ఎత్తు గురించి ఒక్క మాట చెప్పలేదు, "మడమ, మేడం, మడమ" అనే అన్నారు. టెస్టులో నా కాలు నడుం ఎత్తు దాటలేదు. మడమ మాత్రం తిరిగింది.

తర్వాత పూమ్సే. ఎదురుగా మనిషి లేకుండా, వరస తప్పకుండా చేసే కదలికలు. మా క్లాసులో పసుపు నుంచి ఆకుపచ్చకి తేగూక్ ఇల్ జాంగ్, అంటే మొదటి తేగూక్, చెయ్యాలి. తేగూక్‌లు మొత్తం 8. ఒక్కోదానికీ ఒక్కో గుర్తు. ఇల్ జాంగ్‌ది ఆకాశం గుర్తు, మూడు అడ్డగీతలు. కొరియా జెండాలో ఎడమవైపు పై మూల ఉన్నది అదే. మనం నడిచే దారి కూడా నేలమీద ఆ మూడు గీతల్లాగే ఉంటుంది. ఎడమకి తిరిగి కిందికి ఆపడం, ఒక అడుగు, గుద్దు. వెనక్కి తిరిగి మళ్ళీ అదే. ముందుకొచ్చి రెండో గీత, ఇంకా ముందుకొచ్చి మూడో గీత. అక్కడ నెత్తిమీద చెయ్యి అడ్డుపెట్టి, ముందుకి తన్ని, గుద్దాలి. ఆఖర్న వెనక్కి తిరిగి, పెద్ద అడుగువేసి, ఒక గుద్దు, దాంతోపాటు కిహాప్ అనే అరుపు. అన్ని అడుగులూ సరిగ్గా పడితే మొదలుపెట్టిన చోటికే వస్తాం. గజం పక్కన తేలితే ఎక్కడో ఒక అడుగు పొట్టిదైందన్నమాట.

నా బ్యాచ్‌లో మిగతా అందరూ ఎనిమిది, తొమ్మిదేళ్ళవాళ్ళు. వాళ్ళ కిహాప్‌లు సన్నగా, కీచుగా వచ్చాయి. నాది నలభై మంది పిల్లల్ని రోజూ కూర్చోబెట్టే గొంతు. ఎగ్జామినర్ గారు కాగితం మీంచి తలెత్తి చూశారు. హాలు గుమ్మంలో మావారు మొహం కిందికి దించుకోవడం కూడా కనబడింది.

హన్‌బన్ కియోరూగి, అంటే ఒక్క అడుగు పోరు, శ్రీకాకుళం నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయితో పడింది. ఎదుటివాళ్ళు ఒక అడుగు వేసి గుద్దితే, మనం తప్పించుకుని తిరిగి కొట్టినట్టు చూపించాలి. మొదలయ్యే ముందు ఆ పిల్ల నెమ్మదిగా, "అక్కా, నాను నిజంగా కొట్టనులే" అంది. నిజంగా కొట్టలేదు కూడా. నేనే కొంచెం తగిలించాను.

నోటి ప్రశ్నలు ఆమదాలవలస పిల్లలతో కలిపి అడిగారు. ఐదు నియమాలేమిటి అంటే మర్యాద, నిజాయితీ, పట్టుదల, నిగ్రహం, లొంగని ధైర్యం అని గడగడా చదివేశారు. తైక్వాండో ఒలింపిక్స్‌లో పతకాల ఆటగా ఎప్పుడు చేరింది అంటే, 1988 సియోల్‌లోనూ 1992 బార్సిలోనాలోనూ ప్రదర్శనకే పెట్టారు, 2000 సిడ్నీలో పతకాలిచ్చారు అని ఒక బుడ్డోడు చెప్పాడు. సోషల్ టీచర్ని, నా నోరు ఊరుకోదు కదా. "అదే సిడ్నీలో మీ ఆమదాలవలస అమ్మాయి ఏం తెచ్చింది?" అని వాణ్ణి నేనే అడిగేశాను. "కరణం మల్లీశ్వరి, వెయిట్ లిఫ్టింగ్, కాంస్యం" అన్నాడు వాడు ఛాతీ విరుచుకుని. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే. ఎగ్జామినర్ గారు నా వైపు చూసి, "మీరు టెస్ట్ ఇస్తున్నారా, పెడుతున్నారా?" అన్నారు.

పెద్ద బెల్టుల ఫైటింగులు చూడ్డానికి బాగుంటాయి, రాయడానికి పెద్దగా ఏమీ లేదు. గుద్దుకి ఒకటి, ఛాతీ మీద తన్నుకి రెండు, తలకి మూడు పాయింట్లు, గిర్రున తిరిగి తంతే ఇంకా రెండు ఎక్కువ. ఛాతీ గార్డులు కొన్నే ఉంటే ఒకడు విప్పినదే ఇంకొకడు తొడుక్కున్నాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

చెక్క విరగ్గొట్టడం నీలం బెల్టు నుంచి మొదలు. నాకు ఆ పరీక్ష లేదు. కానీ చెక్క పట్టుకోడానికి బలమైన చేతులు కావాలి, పిల్లలు పట్టుకుంటే చెక్కతో పాటు వాళ్ళూ వెనక్కి పోతారు. అందుకని పెద్దవాళ్ళని పిలుస్తారు. మా స్కూలు కుర్రాడి వంతు వచ్చేసరికి ఒక పక్క మాస్టారు, రెండో పక్క నేను.

చెక్కలు సా మిల్లులో కోయించినవి, మెత్తటి రకం. వానలకి తడి పీల్చిన చెక్క విరగదు, వంగి ఊరుకుంటుంది. దసరా ముందు వానలు పడ్డాయని మాస్టారు వాటిని మేడ మీద ఎండబెట్టి, మబ్బు పడితే లోపలికీ ఎండొస్తే బయటికీ వారమంతా అప్పడాల్లా తిప్పుతూనే ఉన్నారు. పట్టుకోవడంలోనూ పద్ధతుంది. చెక్క మీద నార గీతలు ఏ దిక్కున పోతున్నాయో చూసి, ఆ గీతలతో పాటు సాగే అంచుల్ని పట్టుకోవాలి. మిగతా అంచులు పట్టుకుంటే కోడి రామమూర్తి తన్నినా విరగదు. వేళ్ళు అంచు దాటి ముందుకి రాకూడదు, మోచేతులు బిగించాలి, ఒక కాలు వెనక్కి వేసి ఆనించాలి. "మొహం పక్కకి తిప్పుకోండి మేడం, చెక్కపేళ్ళు కంట్లో పడతాయి" అన్నాడు వాడు. గొంతు వణుకుతోంది.

యోప్ చాగి, పక్కతన్ను. వాడు రెండు అడుగులు వేసి వచ్చాడు, మడమ సరిగ్గా మధ్యలోనే తగిలింది, కానీ తగిలేముందు వాడు బలం వెనక్కి లాగేసుకున్నాడు. దెబ్బంతా నా మణికట్టులోకి దిగింది, చెక్క మాత్రం చెక్కుచెదరలేదు. రెండోసారీ అంతే. మాస్టారు నెమ్మదిగా, "నువ్వు చెక్కని చూడట్లేదురా, మేడంని చూస్తున్నావు" అన్నారు. మూడోది ఆఖరి అవకాశం. వాడి మొహం చూస్తే, స్కూల్లో పేపర్లు పంచేరోజు మొహమే.

"ఒరేయ్, హాఫ్ ఇయర్లీలో మార్కులు తగ్గించనులే, తన్ను" అన్నాను.

హాలంతా నవ్వింది. వాడికీ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే వచ్చి తన్నాడు. ఫట్ మన్న చప్పుడు, చేతుల్లో ఒక్కసారిగా బరువు సగమైపోయింది. నా డోబోక్ మీద సన్నటి చెక్కపొట్టు. వాడు ముందు చెక్క వైపు చూడలేదు, నా చేతుల వైపు చూశాడు. తర్వాత రెండు ముక్కలూ సంకలో పెట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

మధ్యాహ్నం హాల్లోనే బంతి. మా క్లాసు అమ్మలు ఆవ పెట్టిన పులిహోర, దద్దోజనం చేసుకొచ్చారు. పలాస వైపు నుంచి వచ్చిన ఒకాయన మందస కోవా తెచ్చారు. మాస్టారి నియమం ఏమిటంటే, వడ్డన ఎర్ర బెల్టులది, ముందు తినేది తెల్ల బెల్టులు. నల్ల బెల్టులు అందరికన్నా ఆఖర్న. అప్పటికి కోవా మిగలలేదు. అమ్మలందరం ఒక మూల చేరాం. పిల్లల మోకాళ్ళు, ట్యూషన్లు, ఆడపిల్లల్ని పదో తరగతికి రాగానే మాన్పించేస్తున్న ఇళ్ళు, ఇలా మాటలు నడిచాయి. బొబ్బిలి నుంచి వచ్చిన ఒకావిడ నా బెల్టు కొస పట్టుకుని చూసి, "చీర మీద కట్టుకోనిస్తారేటండీ?" అని అడిగింది. ఇవ్వరని చెబితే, "అయితే మా అత్తోరితో మాటాడాలి" అంది. మా అత్తయ్య ఫోన్ నంబరిచ్చాను.

రిజల్ట్స్ సాయంత్రం చదివారు. ఫెయిల్ అనే మాట వాడరు, రీటెస్ట్ అంటారు. నాకు ఆకుపచ్చ వచ్చింది. మా స్కూలు కుర్రాడికి బ్లూ వన్ వచ్చింది. మావాడికి రీటెస్ట్. వాడు గ్రీన్ నుంచి గ్రీన్ వన్‌కి వెళ్ళాలి, తేగూక్ 'ఈ జాంగ్' (రెండో తేగూక్) మధ్యలో ఆగిపోయి, పైకప్పు చూస్తూ నిలబడ్డాడట. ఆ సమయానికి నేను బయట మంచినీళ్ళ దగ్గరున్నాను. ఇంటికొచ్చేదాకా బండి మీద ముగ్గురం మాట్లాడుకోలేదు. నా సంతోషం ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు. గేటు దగ్గర మాత్రం వాడు, "నీది ఈజీ పూమ్సే. దాన్ని నేను ఎప్పుడో చేసేశా" అన్నాడు. ఆ మాట నిజమే.

బుధవారం క్లాసులో మాస్టారు కొత్త బెల్టులు ఆయన చేత్తోనే కట్టారు. పాతవి పారెయ్యరు. మేడ మీద ఒక పాత ఇనప బీరువా ఉంది, పొట్టైపోయిన డోబోకులూ పాత బెల్టులూ అందులో మడతపెట్టి పెడతారు. కొనలేని పిల్లలకి మాస్టారు అందులోంచే తీసిస్తారు. ఎవరికిచ్చారో ఎవరూ అడగరు. నా పసుపు బెల్టు అందులో పెట్టాను. పెద్దవాళ్ళ సైజు, దానికి ఇప్పట్లో గిరాకీ ఉండదని మాస్టారు నవ్వారు.

వరసలో ఇప్పుడు మావాడూ నేనూ ఒకే రంగు. వాడు ముందు తెచ్చుకున్నాడు కాబట్టి వాడే సీనియర్. నేను వెళ్ళి నిలబడగానే వెనక్కి తిరిగి చూసి, "పక్కకి జరుగు, నా ఎడమవైపు" అన్నాడు. జరిగాను.

రీటెస్ట్ పై నెలలో. రోజూ రాత్రి అన్నాలయ్యాక డాబా మీద వాడు 'ఈ జాంగ్' చేస్తాడు, నేను లెక్కపెడతాను. నాకూ ముందుముందు అదే పూమ్సే కాబట్టి వాడు నిద్రపోయాక నేనూ రెండుసార్లు చేసుకుంటాను. కింద గదిలోంచి అత్తయ్య కేకేస్తుంది: "ఒలే, అరుపు తగ్గించవే! పక్కింటోళ్ళు ఏటనుకుంటారు, కోడల్ని కొడతన్నాననుకోరూ!"